గాలి తగలని చల్లదనం

షేరాబాద్‌లో ఎండ గురించి ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడితే నోరెండిపోతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. నడివేసవిలో చిల్లా అనే నలభై రోజులూ జనం కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుంటారు, పొగలు కక్కే గ్రీన్ టీ తాగుతారు, ప్రతి మనిషీ ఎదుటివాడికి ఉచితంగా సలహా ఇస్తాడు. ఎండ ముదిరేకొద్దీ సలహాలూ ముదురుతాయి.

అలాంటి చిల్లాలో ఒక సోమవారం పొద్దున, ఎష్మురాద్ కారులో ఏసీ వేడిగాలి ఊదడం మొదలెట్టింది.

ఎష్మురాద్ షేరాబాద్ నుంచి తెర్మిజ్‌కి కిరాయి కారు తోలుతాడు. మనిషికి యాభై రెండేళ్లు, బట్టతల మీద టోపీ, టోపీ కింద ఎప్పుడూ ఒక తడి చేతిరుమాలు. కారు తెల్లది. ఆ మాటకొస్తే ఊళ్లో కార్లన్నీ తెల్లవే. ఎవరి కారు ఎవరిదో గుర్తుపట్టాలంటే అద్దానికి వేలాడే తాయెత్తు చూసుకోవాల్సిందే. ఇరవయ్యో ఏట ప్రత్తి కమతం ఛైర్మన్ గారి దగ్గర డ్రైవరుగా చేరాడు. ఆ రోజుల్లో కనుమదారి ఎక్కేటప్పుడు ఇంజను మరిగిపోకుండా నడివేసవిలో హీటర్ వేసుకుని తోలాలి. ఛైర్మన్ గారు వెనక సీట్లో కూర్చుని, "హీటర్ ఆపావంటే ఇంజను పోతుంది, ఆపకపోతే నేను పోతాను, ఏం చేస్తావో చూడు" అని తిట్టేవాడు. ఎష్మురాద్ రెండింటికీ సరేననేవాడు. ఎవరేం చెప్పినా సరేననడమే అతని బతుకు. మాట కాదనడం చేతకాని మనిషి. ఊళ్లో అతనికి ఉన్న మంచిపేరంతా దాని పుణ్యమే, పడ్డ పాట్లన్నీ కూడా దాని పాపమే.

ఇరవై ఎనిమిదేళ్లు ఉడికాక, నాలుగేళ్ల కింద, ఏసీ ఉన్న కారు కొన్నాడు. జీవితంలో అతను చెప్పుకున్న గొప్ప అదొక్కటే. "ఫ్రిజ్‌రా బాబూ, ఫ్రిజ్! వెనక సీట్లో వెన్న పెడితే తెర్మిజ్ చేరేదాకా కరగదు" అని టీ దుకాణంలో వందసార్లు చెప్పాడు. వెన్న పెట్టి చూసినవాడు లేడు కాబట్టి మాట చెల్లుబాటయింది.

ఆ సోమవారం మొదటి కిరాయికే నలుగురు ఎక్కారు. దారిలో అంగోర్ ఊరు దాటకముందే వెనక నుంచి ఒకావిడ, "ఎష్మురాద్ అన్నా, ముందే చెప్పుంటే పిండి కలుపుకొచ్చేదాన్ని. దిగేలోపు నాలుగు రొట్టెలు కాలేవి" అంది. అందరూ నవ్వారు. ఎష్మురాద్ కూడా నవ్వాడు. నవ్వుతూనే నాబ్ మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు.

ఎందుకంటే గురువారం కూతురు వస్తోంది.

మోహిగుల్‌ని ఇక్కడికంటే చల్లగా ఉండే తాష్కెంట్‌కి ఇచ్చారు. కిందటి చలికాలం పెళ్లయింది. అప్పట్నుంచీ పుట్టింటి గడప తొక్కలేదు. ఇప్పుడు ఆరో నెల. అత్తగారు సాలిహా మంచిదే గాని, పట్నం మనిషి. షేరాబాద్ పేరెత్తితే చెయ్యి కాల్చుకున్నట్టు ఊదుకుంటుంది. వియ్యాలవారిని ఇంటికి పిలిచి మర్యాద చేసే ముచ్చట ఇంకా మిగిలే ఉంది. ఏడాదిలో ఉన్న వారాలన్నీ వదిలేసి, సాలిహాకి తీరిక దొరికింది సరిగ్గా చిల్లా నడిమధ్యలో.

ఆదివారం మోహిగుల్ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది, పక్క గదిలో అత్తగారున్నట్టుంది.

"నాన్నా, కారులో ఏసీ బాగుందా?"

"ఫ్రిజ్ తల్లీ, ఫ్రిజ్!"

"ఎండలో తిరగొద్దని డాక్టరమ్మ చెప్పింది. కారు చల్లగా ఉంటేనే నన్ను తీసుకొస్తానంటోంది అత్తయ్య. లేకపోతే తనొక్కతే వచ్చి వెళ్తుందట. నాన్నా, నిజంగా చల్లగా ఉంటుంది కదూ?"

"నీ మీదొట్టు" అన్నాడు ఎష్మురాద్. కడుపుతో ఉన్న కూతురి మీద ఒట్టేశాడు. మర్నాడే ఏసీ పోయింది.

సోమవారం మధ్యాహ్నం టీ దుకాణంలో సభ తీరింది. అధ్యక్షుడు తుర్దీ తాత. ట్రాక్టర్ల డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ట్రాక్టరు ఎప్పుడూ నడపలేదు గాని, నడిపినవాళ్ల జీతాలు ఆపినవాడు కాబట్టి యంత్రాల మీద ఆయన మాటే ఆఖరు.

"ఒరే ఎష్మురాద్, రేడియేటర్ ముందు అట్ట తీశావా?"

చలికాలంలో ఇంజను వేడెక్కడానికి అందరూ రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టుకుంటారు. వసంతం రాగానే తీసేస్తారు. ఎష్మురాద్ లేచి వెళ్లి చూస్తే, టీ పొడి డబ్బా అట్ట, దాని మీద ఏనుగు బొమ్మతో సహా, అక్కడే నిక్షేపంగా ఉంది.

సభంతా పగలబడి నవ్వింది. తుర్దీ తాత నవ్వలేదు, గడ్డం నిమురుకున్నాడు. "పో, ఇక వెన్న పెట్టుకో" అన్నాడు.

ఎష్మురాద్ ఆ ఆనందంలో అందరికీ టీ ఇప్పించి కారెక్కాడు. ఏసీ వేశాడు. మొహం మీద పెనం వేడి కొట్టింది.

మంగళవారం సాబిర్ ఉస్తా దగ్గరికి వెళ్లాడు. ఉస్తా అంటే చేతిపని తెలిసినవాడని అర్థం. మా ఊళ్లో చెయ్యున్న ప్రతివాడూ ఉస్తాయే. సాబిర్ ఉస్తా ముందు ఒక కూజా టీ తాగించాడు, మోహిగుల్ ఆరోగ్యం అడిగాడు, తన మోకాళ్ల సంగతి చెప్పాడు. రెండో కూజా అయ్యాక బానెట్ ఎత్తాడు. "గ్యాస్ అయిపోయింది" అన్నాడు, చూడకుండానే.

గ్యాస్ పట్టాడు. వేడిగాలే వచ్చింది.

"ఏంటుస్తా ఇది?"

"ఒరే నాయనా, పైన దేవుడు ఇంత మంట పెడుతుంటే కింద నేను చల్లార్చగలనా? సాయంత్రం వేసి చూడు, చల్లగా వస్తుంది."

సాయంత్రం ఏసీ లేకపోయినా చల్లగానే ఉంటుందని ఎష్మురాద్‌కి నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఉస్తా పెద్దవాడు, మోకాళ్లు కూడా బాగాలేవు. సరేనని వచ్చేశాడు.

బుధవారం పంజి ఉస్తా. ఇతను ఏసీలు తప్ప ఇంకోటి ముట్టుకోడు. బానెట్ ఎత్తగానే తేలు కుట్టినట్టు వెనక్కి గంతేసి, "ఎవడు చేశాడిది?" అని అరిచాడు. ఏ ఉస్తా అయినా ముందు అనే మాట అదే. సాబిర్ పేరు చెప్పేసరికి, "వాడు నా బావమరిది. వాడి చేతికి గాడిదబండి ఇచ్చినా ఇరుసు విరగ్గొడతాడు" అన్నాడు. ఉన్న గ్యాసంతా వదిలేసి మళ్లీ కొత్తగా పట్టాడు. తర్వాత ఒక గొట్టం మీద చెయ్యివేసి కళ్లు మూసుకున్నాడు.

"పట్టుకో" అన్నాడు.

ఎష్మురాద్ పట్టుకున్నాడు. గొట్టం మంచుగడ్డలా ఉంది, పైన చెమట పట్టింది.

"చూశావా? నీ ఏసీ బంగారంలా ఉంది."

"మరి లోపలికి వేడిగాలి వస్తోందేంటుస్తా?"

"అది ఏసీ పని కాదు. నేను ఏసీ ఉస్తాని."

"మరి ఎవరి పని?"

"ఏమో! దిష్టేమో."

ఆ 'ఏమో' పట్టుకుని ఎష్మురాద్ ఇంటికొచ్చాడు. భార్య సనోబార్ దిష్టి అన్న మాట విని ఊరుకుంటుందా? వెన్న కరగదు, వెన్న కరగదు అని ఊరంతా చాటింపు వేస్తే దిష్టి తగలక ఇంకేం తగులుతుంది అని దులిపేసింది. ఎండబెట్టిన ఇసిరిక్ ఆకు మూకుట్లో రాజేసి, ఏసీ బొక్కల్లోంచి పొగ లోపలికి పోయేదాకా విసిరింది. దాంతో కారు వేడిగాలితోపాటు సమాధుల దగ్గరి వాసన కూడా వెయ్యసాగింది.

ఎష్మురాద్ అమ్మ నార్‌బీబీ మాత్రం ఈ గొడవంతటిలో నోరు మెదపలేదు. వాకిట్లో చాప మీద కూర్చుని, ఎప్పట్లాగే రంగు దారాలతో పట్టీ అల్లుకుంటోంది. ఆడవాళ్ల పైజమా అంచుకి కుట్టే పట్టీ అది. ఎరుపు, నలుపు, మధ్యలో ఆకుపచ్చ చుక్క. ఆ చుక్క ఊళ్లో ఆవిడ ఒక్కతే వేస్తుంది. డెబ్బై ఏడేళ్ల మనిషి. ఇంట్లో ఫ్యాను లేదు, ఆవిడ ఉండగా రాదు కూడా. ఎప్పుడో ప్రత్తి ఏరే రోజుల్లో ఆవిడ మొగుడు చెమటతో తడిసొచ్చి, ఆఫీసు గదిలో ఫ్యాను కింద నిద్రపోయాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తొమ్మిదో రోజు పోయాడు. అప్పటికి ఎష్మురాద్‌కి పదకొండేళ్లు. అప్పట్నుంచి ఆవిడకి లోకంలో శత్రువు ఒక్కటే, చల్లగాలి.

గురువారం తెల్లారింది. పదకొండింటికి తెర్మిజ్‌లో రైలు దిగుతారు. రాత్రే మోహిగుల్ రైల్లోంచి ఫోన్ చేసి, "అత్తయ్య ఒప్పుకుంది నాన్నా! నేనూ వస్తున్నా!" అంది. ఆ గొంతులో సంతోషం విని ఎష్మురాద్‌కి ఏడుపొచ్చింది. ఇరుగుపొరుగున ఎవరి కారైనా అడుగుదామా అంటే, నాలుగేళ్లు చెప్పిన వెన్న మాట గొంతుకి అడ్డంపడింది. ఒకరిద్దర్ని అడిగాడు కూడా. ఇద్దరివీ పెళ్లిళ్లకి పోయాయి.

కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరుగుతున్నాడు. ఏమీ తోచక ఇంజను వేసి ఏసీ పెట్టి, అద్దాలు దించి అలా వదిలేశాడు. కాసేపటికి వీధికుక్క ఒకటి నాలిక వేలాడేసుకుని వచ్చి, ఇంత వాకిలి వదిలేసి కారు కిందే దూరింది. ఇంజను కింద వేడికి మాడిపోతుందని ఎష్మురాద్ వంగి "ఛీ, లే!" అన్నాడు. కుక్క కదల్లేదు. పైనుంచి చుక్కచుక్కగా నీళ్లు దాని ముక్కు మీద పడుతున్నాయి, అది కళ్లు మూసుకుని నాక్కుంటోంది. ఎష్మురాద్ చెయ్యి పెట్టి చూశాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. బావినీళ్లంత చల్లగా.

అంటే చల్లదనం ఏసీ డబ్బాలో పుడుతూనే ఉంది. పుట్టింది పుట్టినట్టే మళ్లీ వేడెక్కుతోంది. డబ్బాలో చిన్న తలుపు ఒకటుంటుంది. ఇటు తిరిగితే గాలి హీటర్ మీదుగా వస్తుంది, అటు తిరిగితే చల్లగా వస్తుంది. ఆ తలుపుని అతను మొదట్నుంచీ అనుమానించలేదు. ఎందుకంటే కిందటేడు దాని తీగ తెగితే బాగుచేసింది తనే. తను బాగుచేసింది పాడవుతుందా? ఈ ఒక్క విషయంలో ఎష్మురాద్ కూడా మిగతా ఉస్తాలకేమీ తీసిపోడు.

తల కింద, కాళ్లు సీటు మీద పెట్టి డ్యాష్‌బోర్డు కిందకి దూరాడు. తలుపు కదిపే చిన్న మీట కనిపించింది. దాన్ని వేడి వైపుకి లాగి, పక్కనున్న ఇనుప కమ్మీకి గట్టిగా కట్టేసి ఉంది. పైన నాబ్ తిప్పితే, మీట నుంచి ఊడిన తీగ ఊరికే గాల్లో ఆడుతోంది.

కట్టింది పట్టీతో. ఎరుపు, నలుపు, మధ్యలో ఆకుపచ్చ చుక్క.

కిందటేడు బాగుచేసేటప్పుడు మరమేకుల పళ్లెం పట్టుకుని పక్కన నిలబడింది అమ్మే. "ఇటు తోస్తే వేడి, అటు తోస్తే చల్లన, చూశావా అమ్మా" అని తనే నేర్పాడు.

ముడి విప్పి, తీగ తగిలించి, పట్టీ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. తల్లి అల్లిక ఆపలేదు.

"అమ్మా, ఇది నీదేనా?"

"నాది కాక ఇంకెవరిది? ఆ చుక్క ఎవరు వేస్తారు?" అంది నార్‌బీబీ. దొరికిపోయానన్న జంకు లేదు, తన పనితనాన్ని గుర్తుపట్టినందుకు కాస్త సంతోషించినట్టే ఉంది. "ఆదివారం హాల్మత్‌ని చూడ్డానికి వెళ్లానా? నీలాగే డ్రైవరు. ఏసీ గాలి కొట్టి మూతి ఇటు నుంచి అటు పోయింది. టీ తాగితే చెంప మీంచి కారుతోంది. ఇంటికొచ్చి కట్టేశాను."

"మూడు రోజుల్నుంచి నేను ఊరంతా తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నావా!"

"తిరిగితే ఏమైంది? మూతి తిన్నగానే ఉంది కదా."

"మోహిగుల్ వస్తోందమ్మా. ఎండ తగలకూడదన్నారు."

"అందుకే కట్టాను. కడుపుతో ఉన్న పిల్లకి ఆ గాలి కొడితే? ఎండకి ఎవడూ చావలేదురా. మీ నాన్న ఎలా పోయాడో నీకు తెలీదా? మళ్లీ కట్టెయ్. నా మాట విను."

"వద్దమ్మా" అన్నాడు ఎష్మురాద్.

తను విన్నది నిజమేనా అన్నట్టు నార్‌బీబీ తలెత్తి చూసింది. యాభై రెండేళ్లలో కొడుకు నోటివెంట ఆ మాట రావడం అదే మొదలు. పట్టీ అతని చేతిలోంచి లాక్కుని జేబులో పెట్టుకుంది. వియ్యపురాలికి ఇంటి పెద్ద ఎదురెళ్లకపోతే మర్యాద కాదు కాబట్టి కారెక్కింది గాని, తెర్మిజ్ చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఏసీ అమృతంలా పనిచేసింది. ఆవిడ మెడచుట్టూ శాలువా బిగించుకుని శత్రువుతో కలిసి ప్రయాణం చేసినట్టు కూర్చుంది.

రైలు గంట ఆలస్యంగా వచ్చింది. సాలిహా రెండు చేతులా రొట్టెల సంచులతో దిగి, "అబ్బబ్బా, అన్నయ్యగారూ, ఇది ఊరా, పొయ్యా!" అంది. వెనకే మోహిగుల్ దిగింది. కాస్త చిక్కింది, పొట్ట కనిపిస్తోంది. తండ్రిని చూసి నవ్వింది, అత్తగారి ముందు కదా, నవ్వుతోనే సరిపెట్టింది. అత్తగారు ఉన్నచోట కొత్తకోడలు నోరు విప్పదు. అడిగితే తల ఊపుతుంది.

గౌరవంగా సాలిహాని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఎష్మురాద్ ఏసీ నాబ్ తిప్పాడు. చల్లటి గాలి జుయ్యిమంటూ వచ్చింది. మూడు రోజుల కష్టం ఒక్క ఊపిరిలో తీరిపోయినట్టయింది.

"ఎలా ఉంది చెల్లెమ్మా?"

సాలిహా మెడ మీద చెయ్యి వేసుకుంది. "చల్లగా ఉంది అన్నయ్యగారూ, కాదనను. కాని గాలి తగులుతోంది."

"ఆఁ?"

"గాలి! నేరుగా మెడకి కొడుతోంది. నాకసలే నరాల జబ్బు. కారు చల్లగా ఉండాలన్నాను గాని గాలి రావాలని అన్నానా? గాలి తగలకుండా చల్లగా ఉండేట్టు పెట్టండి."

పంజి ఉస్తా కూడా ఆ పని చెయ్యలేడు. ఎష్మురాద్ రంధ్రాలు పైకి తిప్పాడు, కిందకి తిప్పాడు. పైకి తిప్పితే నుదుటికి కొట్టింది, కిందకి తిప్పితే మోకాళ్లకి కొట్టింది. చివరికి, "ఆపెయ్యండి అన్నయ్యగారూ, ఎంత, గంట దారే కదా" అంది సాలిహా. అతిథి మాట. ఎష్మురాద్ 'సరే'నన్నాడు. పొద్దున్న ఒక్కసారి కాదన్న నోరు అంతలోనే పాత తోవ పట్టింది. అద్దం కాస్త దించబోతే, "అయ్యో, ఎదురుగాలి!" అంది. అద్దాలూ ఎక్కాయి.

"విన్నావా?" అంది వెనకనుంచి నార్‌బీబీ, పొద్దున్నించి మొదటిసారి నోరు తెరిచి. "పట్నంలో చదువుకున్నవాళ్లకీ తెలుసు. నాదేం చాదస్తం కాదు."

"పెద్దమ్మగారు మంచి మాట చెప్పారు" అంది సాలిహా. ఇద్దరూ మనసులు కలిసిపోయి, గాలి కొట్టినవాళ్ల కథలు మొదలెట్టారు. ఒకరి చెవి పోయింది, ఒకరి నడుం పట్టేసింది, ఒకరికి పెళ్లే తప్పిపోయింది. బయట నలభై ఆరు డిగ్రీలు. లోపల ఎంతో లెక్కపెట్టేవాడు లేడు. ఎష్మురాద్ చెమట స్టీరింగ్ మీద కారి చెయ్యి జారుతోంది.

అద్దంలో కూతుర్ని చూశాడు. మొహం కందగడ్డలా ఉంది, పెదాలు ఎండిపోయాయి. అయినా ఒక్క మాట అనలేదు. అనకూడదు మరి. అతని చెయ్యి నాబ్ దాకా వెళ్లింది, సాలిహా వైపు చూశాడు, వెనక్కి తీసుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

నార్‌బీబీ నాలుగో కథలో ఉంది. "అప్పుడు వాడి మేనత్త..." అంటూ మనవరాలి చెయ్యి అందుకుంది, అలవాటుగా. మాట ఆగిపోయింది. ఆ చెయ్యి కాలిపోతోంది. అంతలో మోహిగుల్ తల మెల్లగా వాలి ఆవిడ భుజం మీద పడింది.

"అమ్మడూ! అమ్మడూ!"

మోహిగుల్ కళ్లు సగం తెరిచి తల ఊపింది. నోరు విప్పలేదు.

"ఎష్మురాద్, వెయ్యరా."

"ఏంటమ్మా?"

"చెవిటివాడివా? ఆ చల్లగాలి వెయ్యమంటున్నాను!"

ఎష్మురాద్ ఇంకెవరి మొహమూ చూడలేదు. నాబ్ చివరిదాకా తిప్పేశాడు.

"పెద్దమ్మగారూ, నా మెడ..." అంది సాలిహా.

"నీ మెడ సంగతి నేను చూస్తాను తల్లీ" అంటూ నార్‌బీబీ తన శాలువా తీసి, వెనకనుంచి వంగి, సాలిహా తల, చెవులు, మెడ అన్నీ కలిపి చుట్టేసింది. జేబులోంచి పట్టీ తీసి గడ్డం కింద బిగించి ముడివేసింది. పొద్దున్న డ్యాష్‌బోర్డు కింద ఉన్న ముడే. పెద్దావిడ చేతికి అడ్డం చెప్పడం సాలిహాకి మర్యాద కాదు. మర్యాద అందరికీ ఉంటుంది మరి, పట్నంవాళ్లకి కూడా.

తర్వాత మనవరాల్ని సీటు మధ్యకి జరిపి, గాలి సూటిగా తగిలేలా ఒళ్లో పడుకోబెట్టుకుంది. సీసాలో నీళ్లు పెదాలకి అందించింది. నలభై ఏళ్లుగా మూసి ఉంచిన ఆవిడ మెడ, ముడతలు పడ్డ తెల్లటి మెడ, గాలికి ఎదురుగా ఉంది. పది కిలోమీటర్లు దాటేసరికి శాలువా మూటలోంచి సాలిహా ముక్కు ఒక్కటే బయటికొచ్చి మెల్లగా ఏసీ వైపు వంగడం ఎష్మురాద్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మోహిగుల్ ఒంట్లో వేడి తగ్గింది. కళ్లు తెరిచి చూసింది. అత్తగారు ముందే ఉన్నా నోరు విప్పింది.

"నానమ్మా, నీ మెడకి గాలి కొడుతోందే."

"కొట్టనీ" అంది నార్‌బీబీ. చలికి ఆవిడ చేతుల మీద రోమాలు లేచాయి. "ఎష్మురాద్, ఇంకాస్త పెంచరా."